రిజిస్టరులో అమ్మ పుట్టిన ఊరు

మా అమ్మమ్మ తొంభై దాటాక, ఒక మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాల్చి మరి లేవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. తల నెరిసినవాళ్లు, జెట్టీలో డ్యూటీ మధ్య యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చినవాళ్లు, మనవల్ని చంకనేసుకుని వచ్చిన ఆడవాళ్లు. అందరిదీ ఒకటే మాట. “టీచరమ్మ నోటంట అబద్ధం రానేదమ్మా, ఏనాడూ రానేదు.” నేను తలూపాను. పక్కన అమ్మ కూడా ఊపింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం. చూసుకుని ఉంటే అంత ఏడుపులోనూ మాకు నవ్వొచ్చేది.

ఎందుకొచ్చేదో చెప్పాలంటే ముందు ఆమె బడి సంగతి చెప్పాలి. అప్పట్లో, పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరాన దీవుల్లో ఉన్న మాయాబందర్ తెలుగు బడి అంటే రేకుల కప్పు, రెండు గదులు, ఒక వరండా. వరండాకి ఎదురుగా సముద్రం. పిల్లలంతా శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ చేపల వేటకారుల పిల్లలే. బడి ఎగ్గొట్టి తండ్రులతో వేటకి పోయి, మర్నాడొచ్చి జ్వరమని చెప్పేవారు. వేళ్ల సందుల్లో చేప పొలుసులు మెరుస్తూనే ఉండేవి. అమ్మమ్మ బెత్తం ముట్టుకునేది కాదు. వాణ్ని వరండాలో నిలబెట్టి, “ఇప్పుడు నిజం చెప్పు. క్లాసంతా వినాలి,” అనేది. చెప్పేదాకా తను కదిలేది కాదు, వాణ్ని కదలనిచ్చేది కాదు. అంతకంటే నాలుగు దెబ్బలు నయమని ఆమె శిష్యులు ఇప్పటికీ అంటారు.

ఇంట్లో మా మీదా అదే పద్ధతి. ఒకసారి బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని తినలేదన్నాను. ఇంటి మెట్ల మీద నిలబెట్టి, “నేను బెల్లం తిన్నాను” అని వీధికంతా వినపడేలా అరిపించింది. ఎదురింటి బెంగాలీ ఆంటీ ఏదో కొంప మునిగిందనుకుని పరుగెత్తుకొచ్చింది.

అమ్మమ్మది శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. తండ్రికి సొంత పడవలుండేవి. ఊరంతా ముక్కున వేలేసుకున్నా వినకుండా కూతుర్ని ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు, దీవుల్లో చేపల వేట సాగించడానికి సర్కారువాళ్లు కుటుంబాలను తీసుకెళ్తున్నారని విని మా తాత పేరు రాయించుకున్నాడు. ఆయన వెంట ఆమె ఓడెక్కేసింది. మాయాబందర్‌లో చదువొచ్చిన తెలుగు ఆడమనిషి ఆమె ఒక్కతే కావడంతో బడి ఆమె చేతికొచ్చింది. బడితోపాటు ఉత్తరాల పని కూడా. సాయంత్రమైతే ఆడవాళ్లు పోస్టుకార్డులు పట్టుకుని ఆమె గుమ్మంలో కూర్చునేవారు. “మా యమ్మకి రాయండి టీచరమ్మా, నాకు ఆరో నెలొచ్చినాది, మా అన్నయ్యని పంపమనండి,” అని ఒకామె చెబుతుంటే ఆమె రాసేది. జవాబొస్తే చదివి వినిపించేది.

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న పట్టింపు మూటాముల్లెతోపాటు మావాళ్లకి ఓడెక్కి వచ్చింది. ఏడో నెలలో పుట్టింటివాళ్లు సూడిదలు తేవాలి, ఆ మిఠాయిలు వాడంతా పంచాలి, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాలి. మధ్యలో ఎంత సముద్రమున్నా సరే, ఎవరో ఒకరు రావాలి, లేదా రమ్మని ఉత్తరమైనా రాయాలి. పిలుపు రాని పిల్లను చూసి నలుగురూ జాలిపడేవారు. ఆ జాలి భరించడం తిట్లు భరించడం కంటే కష్టమట.

అమ్మమ్మ తొలి కాన్పు గురించి మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లం. నెలలు నిండుతుండగా ఆమె మాయాబందర్ నుంచి బోటులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, అక్కడ పెద్ద ఓడెక్కి విశాఖపట్నంలో దిగిందట. తండ్రి రేవులోనే ఎదురుచూస్తూ, కూతుర్ని చూసి పైకండువాతో కళ్లు తుడుచుకున్నాడట. పేరున్న మంత్రసాని చేత పురుడు పోయించి, బాలింతకి కాయం తినిపించి, మూడో నెల నిండాక మనవరాలి చేతులకి వెండి మురుగులు తొడిగి పంపాడట. ఆ మనవరాలే మా అమ్మ. ఆ మురుగులు అమ్మ పెట్టెలో పసుపు గుడ్డలో ఉండేవి. “మా తాత ఎట్టినివే ఇవి,” అని నాకు తీసి చూపించేది. ఆ తాత ఆమె చిన్నప్పుడే పోయాడు, ఆమెకి ఆయన మొహం కూడా తెలీదు. అయినా నాన్న ఏదైనా చిన్న మాటంటే చాలు, “నాను పుట్టిన ఇల్లు అలాటిలాటి ఇల్లనుకోకు,” అని లేచేది.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. అమ్మమ్మ అప్పటికి రిటైరై, ఆ ఊళ్లోనే ఒక పేట అయిన ఆస్టినాబాద్‌లో మా దగ్గరే ఉండేది. సీటు కబురు విని ఆమె వీధిలో ఒక్క ఇల్లు వదలకుండా చెప్పుకొచ్చింది. అయితే అది దీవులవాళ్ల కోటాలో వచ్చిన సీటు. నేను దీవుల మనిషినని సర్టిఫికెట్ తేవాలి. నాన్న పెళ్లికి రెండేళ్ల ముందు మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాడు కాబట్టి ఆయన కాగితాలు పనికిరావు. అమ్మ బడి రికార్డు నకలు మాయాబందర్ నుంచి తెప్పించి దరఖాస్తుకి జత చేశాం. ఆఫీసులో గుమాస్తా దాన్ని చదువుతూ చదువుతూ ఒకచోట వేలు ఆపాడు.

“మదర్ కా బర్త్ ప్లేస్ మెయిన్‌ల్యాండ్ హై. ఐసే నహీ హోగా, బేటీ.”

అమ్మ పుట్టింది ఇక్కడ కాదు కాబట్టి కుదరదట. ఇక్కడే పెరిగింది, ఇక్కడే చదివింది, ఇక్కడే పెళ్లాడింది అని మొత్తుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, ఓపిగ్గా విన్నాడు. తల్లో తండ్రో ఇక్కడ పుట్టినట్టు కాగితముంటేనే తన చేతిలో పని అన్నాడు. శుక్రవారం సాయంత్రంలోగా సర్టిఫికెట్ ఇవ్వకపోతే సీటు నా తర్వాత ఉన్నవాళ్లకి పోతుంది. ఆ రోజు శనివారం.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. “రిజిస్టర్ల ఏటి రాసుందన్నాడూ?” అని అడిగింది. చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా అడిగేసరికి నాకు ఒళ్లు మండింది.

“రాసింది నువ్వే కదా? నన్నడుగుతావేటి?”

ఆమె చేట పక్కన పెట్టి లోపలికెళ్లిపోయింది.

ఆదివారం, సోమవారం ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. నాన్న తెలిసినవాళ్లందరి చుట్టూ తిరిగొచ్చాడు. ఎక్కడికెళ్లినా అదే జవాబు. నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ, శుక్రవారానికి ఎన్ని గంటలున్నాయో పైకే లెక్కపెట్టాను. సోమవారం సాయంత్రం ఇక నా నోరు ఆగలేదు.

“నీ పుట్టింటి గొప్ప నా కొంప ముంచింది,” అన్నాను అమ్మమ్మతో. “అందరూ ఇక్కడ కనలేదా? నీకొక్కదానికే ఓడలెక్కి పోవాల్సొచ్చిందా?”

అమ్మ నా చెంప ఛెళ్లుమనిపించింది. “మా అమ్మని అంటావేటే? మా తాత గడప గురించి నోరెత్తుతావా నువ్వు?”

అమ్మమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లలో భయం చూడటం నాకదే మొదలు. గాలివానకి ఇంటి రేకులు లేచిపోయిన రోజున కూడా నింపాదిగా గిన్నెలు సర్దుకున్న మనిషి. నాకు నా చెంప మంట కూడా మర్చిపోయేంత వింతగా అనిపించింది.

“రేపటి మాయాబందర్ బస్సుకి ముగ్గురికీ టిక్కెట్లు తియ్యమను మీ నాన్నని,” అంది చివరికి.

బస్సు చీకటితోనే బయల్దేరింది. ఫెరార్గంజ్ దాటేసరికి తెల్లవారింది. అమ్మా అమ్మమ్మా ఒక సీట్లో, నేను వాళ్ల వెనక. అమ్మమ్మ ఒళ్లో గుడ్డసంచి, రెండు చేతులూ దాని మీద. నేను వెనక కూర్చుని లెక్కలు వేసుకున్నాను. ఆ బడి హెడ్మాస్టరు ఆమె శిష్యుడే. ఆమె నోరు తెరిచి అడిగితే రిజిస్టరులో ఆ పల్లె పేరు కొట్టేసి దీవుల పేరు రాయడం అతనికి చిటికెలో పని. అంటే మా అమ్మమ్మ నా కోసం దొంగరాత రాయించడానికి పోతోంది. ఆ ఆలోచన రాగానే సిగ్గేసింది, ఆశా కలిగింది. నిజం చెప్పాలంటే ఆశే ఎక్కువ.

జిర్కటాంగ్ గేటు దగ్గర బళ్లన్నీ వరసగా ఆపేశారు. పోలీసులు వచ్చి వెంట ఉండి ఆదివాసులుండే అడవి దాటించాలి. గంటకు పైగా అక్కడే ఉన్నాం. అమ్మ దిగి టీ తెచ్చింది. అమ్మమ్మ తీసుకోలేదు.

“ఒంట్లో బాగోనేదా అమ్మా? అలగున్నావేటి?”

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. తర్వాత ఉన్నట్టుండి, “నీకు నా మీద కోపమొస్తే ఎన్నాళ్లుంటాదే?” అని అడిగింది.

అమ్మ నవ్వింది. “నీ మీద నాకెందుకొస్తాది కోపం?”

అమ్మమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. రెండు చోట్ల బస్సుని ఫెర్రీ ఎక్కించి పాయలు దాటించారు. మాయాబందర్ చేరేసరికి బడి వదిలే వేళయింది.

బస్సు దిగుతుండగా ఎవరో చూసినట్టున్నారు, టీచరమ్మ వచ్చిందన్న కబురు మాకంటే ముందే బడికి చేరింది. పిల్లల కోసం వచ్చిన ఆడవాళ్లు, జెట్టీ నుంచి ఇళ్లకు పోతున్న మగవాళ్లు ఆఫీసు గది గుమ్మంలో మూగారు. ఒక్కొక్కరూ కాళ్లకి దండం పెడుతుంటే ఆమె ఎవరినీ గుర్తుపట్టనట్టు నిలబడింది. హెడ్మాస్టరు తన కుర్చీ చూపించాడు. ఆమె ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుంది.

“హెడ్మాస్టరు గారూ, మా అమ్మాయి బడిలో చేరిన ఏటి రిజిస్టరు తియ్యండి,” అంది, క్లాసులో మాట్లాడే పుస్తకాల తెలుగులో.

“అయ్యో, నాకు గారూ ఏటి టీచరమ్మా,” అంటూ అతను బీరువాలోంచి తీసి దుమ్ము దులిపాడు. అంచులు చెదలు తినేశాయి గానీ ఆమె గుండ్రటి అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. అమ్మ పేరుకి ఎదురుగా, పుట్టిన ఊరు గడిలో, ఆ పల్లె పేరు. మేమెందుకొచ్చామో నేనే చెప్పాను. అతను గుమ్మం వైపొకసారి చూసి గొంతు తగ్గించాడు.

“దీనికి మీరింత దూరం రావాలా? కబురెడితే సాలును కదా. మాయాబందర్ అని దిద్దీస్తాను. ఎవలు సూడొచ్చారు?”

అయిపోయింది, సీటు నాదే అనుకున్నాను.

“దిద్దకండి,” అంది అమ్మమ్మ. “అలా దిద్దితే అదీ అబద్ధమే అవుతుంది. మా అమ్మాయి పుట్టింది మాయాబందర్‌లో కాదు. ఆస్టినాబాద్‌లో. ఇక్కడ నేను రాసింది తప్పు. తప్పని తెలిసే రాశాను. నేను చెప్పేది కాగితం మీద రాసుకుని, దాన్నిబట్టి సరిచేసి, సంతకం పెట్టండి.”

అమ్మ ఆమె వైపు చూసి జాలిగా నవ్వింది. అమ్మ నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. మనవరాలి కోసం నిప్పులాంటి టీచరమ్మ ఈ వయసులో అబద్ధానికి దిగిందని అందరి మొహాల్లోనూ రాసుంది. గుమ్మంలో ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంత బాగా అబద్ధమాడటం ఈమెకెప్పుడొచ్చిందా అని నేనూ అనుకున్నాను.

“అలగే టీచరమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు, చంటిపిల్లను సముదాయిస్తున్నట్టు. “మీరెలాగంటే అలాగే రాత్తాను. మాకు తెలవదేటి, పిల్లల కోసం ఎవలైనా...”

“నాను అబద్ధమాడతన్నాననుకుంటన్నావట్రా?”

గారూ పోయింది, పుస్తకాల తెలుగూ పోయింది. ఆమె లేచింది. గుమ్మంలోవాళ్లు పక్కకి తప్పుకున్నారు. నేరుగా వరండాలోకి నడిచి, అన్నేళ్లు పిల్లల్ని నిలబెట్టిన చోట తను నిలబడింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

“అందరూ ఇనండి. మా నాన్న నన్ను పురిటికి పిలవనేదు. ఓడెక్కొద్దన్నాడు, నాను ఎక్కీసినాను. ఆ దినం నుంచీ నాకు పుట్టిల్లు నేదు. మీ అమ్మలందరికీ పుట్టిళ్లకి ఉత్తరాలు రాసిందాన్ని నాను. వాళ్లందరికీ జవాబులొచ్చినాయి. నాకు ఏడో నెలొచ్చినాది, సూడిదలెప్పుడు టీచరమ్మా అని రోజూ అడిగీవోరు. ఏటి సెప్పను? నన్ను పిలిసీవోడు నేడని సెప్పనా? ఓడ మీద రమ్మన్నారని సెప్పీసినాను. అప్పటికీ ఆశున్నాది నాకు. పోర్ట్ బ్లెయిర్ ఎల్లి అక్కడి నుంచి మళ్లీ రాసినాను. మా ఆయన బోటుల ఎల్లినప్పుడల్లా సేపలేసీ ఇల్లొకటి ఆస్టినాబాద్‌ల ఉండీది. ఆ ఇంటి హిందీ అమ్మ దగ్గిర నన్నుంచినాడు. పెద్ద ఓడకి రెండు దినాలుందనగా ఇదొచ్చినాది.”

గుడ్డసంచిలోంచి ఒక పోస్టుకార్డు తీసింది. రంగు మాసి, మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. హెడ్మాస్టరు అందుకోబోయేలోగా అమ్మ దాన్ని లాక్కుంది. ఆమెకి చదువు నేర్పింది అమ్మమ్మే. బడిలో చదివినట్టు పైకే చదివింది.

“నువ్వు ఓడెక్కిన నాడే నాకు కూతురు లేదనుకున్నాను. పురిటికని రావద్దు. వస్తే గడప తొక్కనివ్వను.”

హెడ్మాస్టరు కార్డు తీసుకుని వెనక్కి తిప్పాడు. ఆస్టినాబాద్ ఇంటి చిరునామా, దాని మీద పోర్ట్ బ్లెయిర్ పోస్టాఫీసు ముద్ర. రిజిస్టరు తెచ్చి అమ్మ పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని చూశాడు. కార్డు అందిన పన్నెండు రోజులకి అమ్మ పుట్టింది. అతను తలెత్తి అమ్మమ్మ మొహం చూడలేకపోయాడు.

“ఓడెల్లిపోనాది,” అంది అమ్మమ్మ. “ఇది పుట్టినాది. మూడు నెల్లు ఆ ఇంట్లోనే ఉండి, ఎత్తుకొచ్చి, పుట్టింట్ల కన్నానని సెప్పినాను. మీరందరూ నమ్మినారు. దీన్ని బడిల ఏసిన దినం మీ అమ్మలు వరసలో నిలబడి సూత్తన్నారు. ఆ గడిల ఏటి రాయను? సెప్పిందే రాసినాను.”

“మరి ఆ మురుగులు?” అంది అమ్మ.

“పోర్ట్ బ్లెయిర్ల, అబర్దీన్ బజార్ల కొన్నాను.”

“మా తాత...”

“నిన్ను సూడనేదమ్మా. ఉన్నావా అని అడగనూ నేదు.”

అమ్మ వరండా మెట్లు దిగి, వెనక్కి చూడకుండా సముద్రం వైపు నడిచిపోయింది. అమ్మమ్మ పిలవలేదు. గుంపులోంచి ఆమె ఈడు ముసలావిడ ఒకతె వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, “ఇన్నేళ్లూ కడుపుల ఎట్టుకున్నావేటే, పిచ్చిదానా,” అంది. అప్పుడు ఏడ్చింది మా అమ్మమ్మ, ముక్కు చీదుకుంటూ, పసిపిల్లలా. సోమవారం సాయంత్రం నేనన్న మాటలు నాకు గుర్తొచ్చాయి. నా నోరు పడిపోయినా బాగుండేదనిపించింది.

హెడ్మాస్టరు ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, సంతకం చేసి, ముద్ర వేసిచ్చాడు. ఆ రాత్రి అతనింట్లోనే పడుకుని, బుధవారం బస్సెక్కాం. ఈసారి అమ్మ విడిగా, వేరే సీట్లో కూర్చుంది. రిటైరయ్యాక మాయాబందర్‌లో ఉండమని అంతమంది బతిమాలినా అమ్మమ్మ ఆస్టినాబాద్‌లోనే ఇల్లు తీసుకుందామని ఎందుకు పట్టుబట్టిందో దారిలో నాకు అర్థమైంది. ఆ మాట అమ్మతో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను. ఫెర్రీ దగ్గర అందరూ దిగినప్పుడు మెల్లగా అమ్మ పక్కకి చేరాను. ఆఫీసులో ఆమె కూడా సంతకం పెట్టాలి, తను పుట్టిన చోటు తనే చెప్పాలి.

“నాను సంతకం ఎట్టను,” అంది అమ్మ.

“అమ్మా, ఎల్లుండే ఆఖరి రోజు.”

“నలభై ఏళ్లొస్తన్నాయి నాకు. మీ నాన్న దగ్గిర, మా అత్త దగ్గిర ఆ ఇల్లు సెప్పుకుని తలెత్తుకు బతికినాను. ఇప్పుడు పిలుపు నేని పుట్టుక నాదని నా సేత్తో రాసియ్యమంటావా? నీ సీటు కోసమా?”

నాకు సీటు కావాలి. చచ్చేంత కావాలి. అమ్మ మొహం చూస్తూ ఆ మాట అనడానికి మాత్రం నోరు రాలేదు.

గురువారమంతా అమ్మ గదిలోంచి బయటికి రాలేదు. అమ్మమ్మ కంచంలో అన్నం పెట్టుకుని గది గుమ్మం బయట నేల మీద కూర్చుంది. “నువ్వు సంతకం ఎట్టకపోయినా పర్లేదే. తిను,” అంది. తలుపు తెరుచుకోలేదు. అన్నం ఎండిపోతే తీసేసి మళ్లీ వేడి అన్నం తెచ్చుకుని కూర్చుంది. నేను పక్కన చేరితే నా వైపు చూడకుండానే, “నీ సీటు పోతే నా వల్ల పోయినట్టు. మీ యమ్మనొక్క మాటన్నావంటే ఊరుకోను,” అంది. నాన్న ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, చివరికి తనే వంటింట్లోకెళ్లి ఉప్పు మర్చిపోయి పప్పు వండాడు. ఎవరూ ఉప్పు అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటింది. నేను సీటు ఉత్తరం మడిచి పుస్తకంలో పెట్టేశాను. అప్పుడు గది తలుపు తెరుచుకుంది. అమ్మ తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. “నడు,” అంది నాతో. మేం బస్టాపు చేరేసరికి అమ్మమ్మ పది అడుగుల వెనక వస్తోంది. రమ్మని అమ్మ అనలేదు. వద్దనీ అనలేదు.

ఆఫీసులో జనం పల్చబడ్డారు. గుమాస్తా హెడ్మాస్టరు కాగితం, పోస్టుకార్డు రెండూ తిరగేసి చూశాడు. కార్డు మీది తెలుగు తనకి రాదని నన్ను చదివి హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, అమ్మ ముందుకు ఒక ఫారం తోసి, ఎక్కడ పుట్టావని అందరినీ అడిగినట్టే అడిగాడు.

“పైదా కహా హుయీ థీ, దీదీ?”

అమ్మ పెన్ను పట్టుకుంది. రాయలేదు. ఆయన గోడ గడియారం చూశాడు. వెనక ఎవరో బీరువాలకి తాళాలు వేస్తున్నారు. అమ్మ కాళ్ల మీద పడదామా అనిపించింది. అప్పుడు అమ్మ వెనక్కి తిరిగింది. అమ్మమ్మ తలుపు పక్కన గోడకానుకుని నిలబడి ఉంది. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. మాయాబందర్ వరండా తర్వాత అమ్మ ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

“ఎంతసేపు పట్టినాది?”

“ఏటి?” అంది అమ్మమ్మ.

“నాను పుట్టడానికి.”

“రెండు పగళ్లు, ఒక రాత్రి.”

“ఒక్కదానివే ఉన్నావా?”

“ఆ హిందీ అమ్మున్నాది. ఆమె మాట నాకు తెలవదు, నా మాట ఆమెకి తెలవదు. అమ్మా అని అరిసినప్పుడు మాత్రం పరిగెత్తుకొచ్చీది.”

అమ్మ గుమాస్తా వైపు తిరిగింది.

“యహీ,” అంది. “ఆస్టినాబాద్ మే.”

గడిలో రాసి, కింద సంతకం పెట్టి, పెన్ను నా చేతిలో పెట్టింది. గుమాస్తా ఫారం పట్టుకుని లోపలి గదిలోకి పరుగెత్తాడు. అమ్మ అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె చేతిలోని గుడ్డసంచి తను తీసుకుంది.

“ఆ ఇల్లెక్కడో సూపించు, పద.”

సర్టిఫికెట్ మీద సిరా ఆరకముందే నేను బయటికి పరుగెత్తాను. ఇద్దరూ అప్పటికే రోడ్డు మలుపు దగ్గరున్నారు. అమ్మ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపిస్తోంది, ఆమె ఏదో చెబుతూ చేత్తో దారి చూపిస్తోంది. నా చేతికి కాగితం వచ్చిందో లేదో చూడ్డానికి కూడా ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరగలేదు.